గుడ్లగూబ అడ్మిషన్ నంబరు 78163



ఈ కాగితం పై మూలన ఒక గుడ్లగూబ ఉంది, చూశారు గదా. నేనే గీశాను. కాళ్ళు కొంచెం వంకరగా వచ్చాయి, అది వేరే సంగతి. మొన్న గోడకు అంటించబోయే ముందు ఆరో తరగతి తమ్ముడొకడు చూసి "అన్నా, ఇదేం బొమ్మ?" అన్నాడు. "బొమ్మ కాదురా, అక్షరం" అన్నాను. వాడు కిసుక్కున నవ్వి భోజనాల లైనులోకి పోయాడు. నమ్మలేదన్న మాట. అందుకని ఈ నెల నా వంతు వ్యాసం దీని మీదే రాస్తున్నా.

ఇది ఈజిప్టు దేశపు పాత లిపిలో "మ" అనే ధ్వనికి గుర్తు. ఆ లిపిని హైరోగ్లిఫులు అంటారు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో పిరమిడ్ల పాఠం దగ్గర "బొమ్మల లిపి" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ మాట విని మనం ఏమనుకుంటాం? గుడ్లగూబ గీస్తే గుడ్లగూబ అని, నీళ్ళు గీస్తే నీళ్ళు అని అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నా. కానీ చాలా చోట్ల ఆ బొమ్మలు ధ్వనులే. నీటి అల "న". నోరు "ర". మనిషి పాదం "బ". అచ్చులు మాత్రం రాయరు, చదివేవాడే ఊహించుకోవాలి. కొన్ని బొమ్మలు నిజంగానే వస్తువు పేరు చెబుతాయి. ఇంకొన్నింటిని అసలు పలకనే పలకరు. మాట చివర ఊరికే నిలబడి "ఇది నడకకు సంబంధించిన మాట", "ఇది మనిషి పేరు" అని సైగ చేస్తాయి. ఒకే బొమ్మ ఒక చోట ధ్వని, ఇంకో చోట సైగ.

ఈ లిపి ఇప్పటికి సుమారు 5,200 ఏళ్ళ కిందట మొదలైంది. తేదీ వేసి చెక్కినవాటిలో ఆఖరిది క్రీ.శ. 394 ఆగస్టు 24 నాటిది. అది ఫిలే అనే చోట గుడి గోడ మీద ఉంది. ఆ తర్వాత చదివేవాళ్ళు లేకుండా పోయారు. పద్నాలుగు వందల ఏళ్ళ పాటు ఆ గోడలన్నీ మూగవైపోయాయి.

1799లో రొసెట్టా అనే ఊరి దగ్గర ఫ్రెంచి సైనికులకు ఒక నల్లరాయి దొరికింది. దాని మీద ఒకే రాజశాసనం మూడు రకాల రాతల్లో ఉంది. పైన హైరోగ్లిఫులు, మధ్యలో ఈజిప్టు వాళ్ళ గొలుసుకట్టు రాత, కింద గ్రీకు. గ్రీకు చదవగలిగేవాళ్ళు ఉన్నారు. అందులో టాలమీ అనే రాజు పేరుంది. హైరోగ్లిఫుల్లో రాజుల పేర్ల చుట్టూ తాడు చుట్టినట్టు ఒక గీత ఉంటుంది. ఆ తాడు లోపల మొదట ఒక చిన్న చదరం, దాని కింద సగం రొట్టెముక్క, కొంచెం అవతల ఒక పడుకున్న సింహం. ఇంకో రాతి స్తంభం మీద క్లియోపాత్రా పేరు దొరికింది. అందులోనూ చదరం ఉంది, సింహం ఉంది. రెండు పేర్లలోనూ ఉన్న ధ్వనులేమిటి? "ప", "ల". అట్లా ఒక్కొక్క ముడి విప్పుకుంటూ 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ లిపి గుట్టు పట్టాడు. ఇంగ్లండులో థామస్ యంగ్ అనే ఆయన అంతకు ముందే కొంత దూరం వచ్చాడు. ఆ కథ చాలా ఉంది, ఇంకో సంచికలో రాస్తా. ఆ చదరాన్నీ, దాని కింద రొట్టెముక్కనూ మాత్రం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వాటితో పని పడుతుంది.

చదవడం వచ్చింది సరే, పుస్తకాల్లో అచ్చు వెయ్యడం ఎట్లా? మనం ఈ గోడపత్రికను చేత్తో రాస్తున్నామని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, ఒక సంగతి వినండి. బెర్లిన్ నగరంలో పండితులు 1897 నుంచి ఈజిప్టు భాషకు ఒక పెద్ద నిఘంటువు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. గుళ్ళ మీద, సమాధుల మీద, పాపిరస్ కాగితాల మీద కనబడ్డ మాటలను చీటీల మీద రాసుకున్నారు. అట్లాంటి చీటీలు పదిహేను లక్షల దాకా అయ్యాయి. దాని అయిదు సంపుటాలు 1926 నుంచి 1931 దాకా వెలువడ్డాయి. ఆ అయిదూ చేతిరాతే! ఎరిక్సెన్ అనే పండితుడు పేజీ పేజీ చేత్తో రాస్తే, ఆ రాతనే అచ్చు తీశారు. అంతలేసి బొమ్మలకు సీసపు అచ్చులు పోత పోసి కూర్చడం అంత తేలిక కాదు మరి. కాబట్టి ఈసారి మన పత్రికను ఎవరైనా వెక్కిరిస్తే ఈ మాట చెప్పండి.

అప్పుడే, 1927లో, ఇంగ్లండులో అలన్ గార్డినర్ అనే ఆయన ఈజిప్టు భాషకు వ్యాకరణం రాశాడు. ఆయన సీసపు అచ్చులే పోయించాడు. డేవీస్ దంపతులు సమాధుల గోడల మీది అందమైన రాతలు చూసి నమూనా బొమ్మలు గీసి ఇచ్చారు. గార్డినర్ చేసిన ఇంకో మంచి పని ఏమిటంటే, ఏడు వందల పైచిలుకు గుర్తులను గదులుగా విడదీశాడు. మగవాళ్ళ బొమ్మలన్నీ ఎ గది. ఆడవాళ్ళవి బి గది. పక్షులు జి గది, చెట్లు ఎం గది, పడవలు పి గది. ఏ గదిలోనూ ఇమడనివాటికి చివర ఒక గది. మన హాస్టల్లో కూడా ఏ డార్మిటరీకీ చెందనివాళ్ళను స్టోరు పక్క గదిలో వేస్తారు గదా, అట్లా! పక్షుల గదిలో 17వది మన గుడ్లగూబ. జి 17 అంటే ఇప్పటికీ ఈజిప్టు పండితులందరికీ అదే గుర్తుకొస్తుంది.

ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

కంప్యూటరుకు అక్షరాలు రావు. ఏ అక్షరమూ రాదు, ఇంగ్లీషు కూడా. దానికి వచ్చింది అంకెలే. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు దాచుకుంటుంది. తెర మీద చూపించే వేళకు ఆ నంబరుకు తగిన ఆకారం తెచ్చి పెడుతుంది. మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు లాగా అనుకోండి. మీరు గుండు కొట్టించుకున్నా, కొత్త చొక్కా తొడిగినా, రెండు అంగుళాలు పొడుగు పెరిగినా మీ అడ్మిషన్ నంబరు మారదు. పళ్ళెం మీదా అదే, పెట్టె మీదా అదే. అక్షరం కూడా అంతే. ఒక్కో ఫాంటులో ఒక్కో చొక్కా తొడుక్కుంటుంది, నంబరు మాత్రం అదే.

ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే రిజిస్టరు ఉంది. దాని పేరు యూనికోడ్. 1991లో దాని మొదటి కూర్పు వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. మనం రోజూ పలికే ఒక మాట తీసుకుందాం: "అమ్మ". చూడ్డానికి రెండక్షరాలు. కంప్యూటరు లోపల మాత్రం నాలుగు నంబర్లు: 3077, 3118, 3149, 3118. మొదటిది అ. రెండోది మ. నాలుగోది మళ్ళీ మ. మరి మూడోది? అది పొల్లు. "ముందున్న హల్లులో అచ్చు తీసెయ్" అని అర్థం. దాని తర్వాత ఇంకో హల్లు వస్తే కంప్యూటరు ఆ హల్లును ఒత్తుగా మార్చి కింద పెడుతుంది. అంటే మ కింద మ ఒత్తుకు వేరే నంబరు లేదు. "కలుపు" అని చెప్పే గుర్తుకు నంబరుంది, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. ఈ ఒత్తు సంగతి తెలిస్తే ఈజిప్టు లిపి కష్టం తెలుగువాళ్ళకు చప్పున అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్ళకు కొంచెం ఆలస్యం కావచ్చు, వాళ్ళకు ఒత్తులు లేవు గదా.

ఈజిప్టు వాళ్ళు అక్షరాలను పూసల దండలాగా ఒకదాని పక్కన ఒకటి గుచ్చరు. కనబడని చదరపు గళ్ళు ఊహించుకుని ఒక్కో గడిలో రెండు, మూడు, నాలుగు గుర్తులు సర్దుతారు. చిన్నవి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పొడుగు పక్షి రొమ్ము ముందర ఖాళీ ఉంటే అక్కడ ఒక రొట్టెముక్క దూరుస్తారు. టాలమీ పేరులో చదరం పైన, రొట్టె కింద ఉన్నది అందుకే. పైగా కుడి నుంచి ఎడమకూ రాస్తారు, ఎడమ నుంచి కుడికీ రాస్తారు, పై నుంచి కిందికీ రాస్తారు. పక్షుల ముఖాలు ఎటు తిరిగి ఉంటే అటు వైపు నుంచి చదువుకుంటూ రావాలి.

1980లలో ఈజిప్టు పండితులు కొందరు కలిసి ఒక ఉపాయం పన్నారు. అప్పటి కంప్యూటర్లకు ఇంగ్లీషు అక్షరాలూ కొన్ని గుర్తులూ తప్ప వేరే రావు. కాబట్టి వాటితోనే రాద్దాం అనుకున్నారు. పక్కపక్కన ఉంటే మధ్యలో చిన్న అడ్డగీత. ఒకదాని కింద ఒకటి ఉంటే మధ్యలో రెండు చుక్కలు. గడి లోపలే పక్కపక్కన ఉంటే నక్షత్రం గుర్తు. అంటే టాలమీ పేరు మొదలు ఇంగ్లీషు పి, రెండు చుక్కలు, టి. అంతే! గుడ్లగూబ కావాలంటే జి 17 అని కొట్టాలి. ఆ నియమాల పుస్తకం 1988లో వచ్చింది. దాన్ని ఫ్రెంచిలో మాన్యుయెల్ ద కోదాజ్ అంటారు. ఆ పద్ధతిని అర్థం చేసుకునే ప్రోగ్రాము కంప్యూటర్లో ఉంటే బొమ్మలు కనబడతాయి. లేకపోతే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలే కనబడతాయి. అయినా ఆ ఉపాయం గట్టిది. ఇప్పటికీ టైపు చేసే వేళ పండితులు అదే వాడుతున్నారు.

ఆ గుర్తులు అసలు రిజిస్టరులోకి ఎక్కింది 2009లో. మైకేల్ ఎవర్సన్, బాబ్ రిచ్‌మండ్ అనే ఇద్దరు 2007లో రాసిన అర్జీ మీద ఆ పని జరిగింది. ఎక్కువ భాగం గార్డినర్ జాబితానే ఆధారం చేసుకుని 1,071 గుర్తులకు నంబర్లు ఇచ్చారు. మొదటి నంబరు 77824, కూర్చున్న మనిషి. మన గుడ్లగూబ 78163.

అయితే ఒక లోటు మిగిలింది. అక్షరాలకు నంబర్లు వచ్చాయి గానీ, "కింద పెట్టు" అని చెప్పే గుర్తు రాలేదు. అంటే పొల్లు లేని తెలుగు లాగా! "అమ్మ" అని రాయాలంటే "అ మ మ" అని రాసి, "మీరే కలుపుకోండి" అన్నట్టు. పదేళ్ళు అట్లాగే గడిచింది. 2019లో అట్లాంటి తొమ్మిది గుర్తులకు నంబర్లు ఇచ్చారు. నిలువుగా కలిపేది 78896. పక్కపక్కన కలిపేది 78897. మూలల్లో దూర్చేవి, ఒకదాని మీద ఒకటి వేసేవి మిగతావి. ఇప్పుడు టాలమీ పేరు మొదలు ఇట్లా ఉంటుంది: 78506, 78896, 78799. చదరం, "నిలువుగా కలుపు", రొట్టె. మన "మ, పొల్లు, మ" పక్కన పెట్టి చూసుకోండి, దాదాపు అదే పద్ధతి. 2022లో ఇంకొన్ని వచ్చాయి. బొమ్మను అద్దంలోలా అటు తిప్పేది ఒకటి. రాయి పగిలి అక్షరంలో ఏ మూల పోయిందో చెప్పేవి కొన్ని. పోయిన అక్షరానికి కూడా గుర్తు పెట్టుకోవడం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతా. నంబరు ఇవ్వాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ రెండూ ఒకే అక్షరమా, వేరు వేరా?

మనకు ఈ చిక్కు పెద్దగా లేదు. నేను రాసే "క", మీరు రాసే "క" ఎంత తేడాగా ఉన్నా "క"యే. తెలుగు సారు మార్కులు తగ్గిస్తారేమో గానీ వేరే అక్షరం అనరు. మరి ఈజిప్టులో? కూర్చున్న మనిషి ఒక అక్షరం. ఆ మనిషి చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంటే అది వేరే అక్షరం, తినడం, మాట్లాడడం లాంటివాటికి గుర్తు. సరే. ఆ మనిషికి గడ్డం ఉంటే? చేతిలో కర్ర ఉంటే? నెత్తిన కిరీటం ఉంటే? కొన్ని చోట్ల అది చెక్కినవాడి సరదా. కొన్ని చోట్ల దానితో అర్థమే మారుతుంది.

ఇంకా విచిత్రమైనది ఒకటుంది. కొమ్ముల పాము బొమ్మ "ఫ" అనే ధ్వనికి గుర్తు. కొన్ని సమాధి గదుల్లో పాములను రెండు ముక్కలుగా నరికినట్టు చెక్కారు. ఎందుకంటే, గోడ మీది పాము ప్రాణం పోసుకుని లోపలున్న చనిపోయినవాడిని కాటేస్తుందని భయం! ధ్వని అదే. చదివితే "ఫ" అనే చదువుతాం. కానీ రాసినవాడికి ఆ తెగిన పాము వేరు, నిండు పాము వేరు. ఒకే నంబరు ఇస్తే రాసినవాడి భయం పోతుంది. వేరే నంబరు ఇస్తే "ఫ" కోసం వెతికేవాడికి సగం దొరకవు. మీరైతే ఏం చేస్తారు? నేను రెండు రోజులు ఆలోచించాను. నాకైతే వేరే నంబరు ఇవ్వాలనే అనిపిస్తోంది, కానీ మా బెంచీలో ఇద్దరు ఒప్పుకోలేదు.

గ్రీకు రాజుల కాలం వచ్చేసరికి గుళ్ళలోని పూజారులు కొత్త కొత్త గుర్తులు కల్పించుకుంటూ పోయారు. ఏడు వందలు కాస్తా వేలల్లోకి పోయాయి. అందుకే 1,071 చాలలేదు. పండితులు ఏళ్ళ తరబడి ఒక్కో గుర్తునూ ఎక్కడ కనబడింది, దాని పని ఏమిటి అని విచారించి, 2024 సెప్టెంబరులో ఇంకో 3,995 గుర్తులను ఎక్కించారు. ఆ ఏడాది రిజిస్టరులో చేరిన కొత్త గుర్తులన్నీ కలిపి 5,185. అంటే నాలుగింట మూడు వంతుల పైన ఈజిప్టువే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆ రిజిస్టరులో కొట్టివేత లేదు. ఒకసారి ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకోరు, ఇంకొకరికి ఇవ్వరు. అక్షరానికి పెట్టిన పేరు కూడా మార్చరు. చైనా వాళ్ళ నిలువు రాతలో వాడే ఒక బ్రాకెట్టు గుర్తు పేరులో ఇంగ్లీషు అక్షరాలు రెండు తారుమారయ్యాయి. స్పెల్లింగు తప్పని అందరికీ తెలుసు, అయినా అట్లాగే ఉంచి, పక్కన సరైన పేరు ఇంకోటి రాసుకున్నారు. ఈజిప్టు గుర్తుల్లోనూ 2009లో ఎక్కినవాటిలో కొన్ని ఎక్కకుండా ఉంటే బాగుండేదని తర్వాత తేలింది. తీసెయ్యలేరు గదా, అందుకని 2024లో "ఇవి పాతవి" అని వాటి పక్కన గుర్తు వేశారు. మన రిజిస్టరులో టి.సి. తీసుకుని పోయినవాడి పేరు చెరపకుండా పక్కన ఎర్ర సిరాతో రాస్తారు, చూశారా? అట్లా.

"ఫొటో తీసి పెట్టుకుంటే పోదా, ఈ నంబర్ల గొడవ ఎందుకు?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. ఫొటోలో అక్షరాలు మనకు కనబడతాయి, కంప్యూటరుకు చుక్కలే కనబడతాయి. నంబర్లతో రాసి ఉంటే ఈ మాట ఏయే గోడల మీద ఉంది, గుడ్లగూబ పక్కన నీటి అల ఎన్నిచోట్ల వచ్చింది అని అడగవచ్చు. బెర్లిన్ నిఘంటువుకు పదిహేను లక్షల చీటీలు రాసింది ఇట్లా వెతుక్కోవడానికే. ఆ చీటీల వారసురాలిగా 2004 నుంచి ఇంటర్నెట్టులో ఒక పెద్ద నిఘంటువు నడుస్తోంది. అందులో ఎవరైనా, ఎక్కడి నుంచైనా, డబ్బు కట్టకుండా వెతకవచ్చు.

ఇంకొక్క సంగతి రాయకుండా ఉండలేను. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో పాత చేతిరాత పుస్తకాలు దొరికాయి. అవి గోండి భాషవి, గోండికే ఉన్న సొంత లిపిలో. ఆ లిపికి ఊరి పేరే పెట్టి గుంజాల గోండి అంటారు. ఆ లిపి కూడా ఇదే రిజిస్టరులో ఉంది. నంబర్లు 73056 దగ్గర మొదలవుతాయి. ఎక్కింది మాత్రం 2018లో. ఒడిశా సరిహద్దు దాకా ఉన్న సవరల సొరంగ్ సోంపెంగ్ లిపి 2012లో ఎక్కింది. చూశారా, పదహారు వందల ఏళ్ళ కిందట ఆగిపోయిన లిపి 2009లోనే ఎక్కింది. ఈ రోజు కూడా మన తాతలు, అవ్వలు మాట్లాడే భాషల లిపులు దాని తర్వాత ఎక్కాయి. దీంట్లో కుట్ర ఏమీ లేదు. ఆ రిజిస్టరులోకి ఎవరినీ పిలిచి ఎక్కించరు. ఎవరో ఒకరు నమూనాలు పోగుచేసి, ఏది ఏ అక్షరమో తేల్చి, రుజువులతో అర్జీ పెట్టాలి. ఈజిప్టు లిపికి రెండు వందల ఏళ్ళుగా పండితులు, వ్యాకరణాలు, జాబితాలు ఉన్నాయి. గుంజాల పుస్తకాలు అంతకాలం ఇళ్ళలో మూటల్లో ఉన్నాయి. అయినా నాకు కొంచెం బాధగానే అనిపించింది. దాచడం ఎందుకు, రాసేస్తున్నా.

చివరగా, నమ్మని తమ్ముడి కోసం ఒక పరీక్ష. కంప్యూటరు వాళ్ళు ఈ నంబర్లను పదుల్లో కాక పదహారుల్లో లెక్కపెడతారు. మన లెక్కలో 78163 వాళ్ళ లెక్కలో 13153. కంప్యూటరు గదిలో వర్డ్ తెరిచి 13153 అని కొట్టండి. కొట్టి, ఆల్ట్ మీట, ఎక్స్ మీట కలిపి నొక్కండి. అంకెలు మాయమై గుడ్లగూబ వస్తుంది. గుడ్లగూబ బదులు ఖాళీ పెట్టె వస్తే భయపడకండి. నంబరు సరిగ్గానే ఉంది, దానికి తొడగడానికి ఆ కంప్యూటర్లో చొక్కా లేదు, అంతే. ఫాంటు వేస్తే వస్తుంది. శనివారం మధ్యాహ్నం గది తాళం లెక్కల సారు దగ్గర ఉంటుంది, నేను అడిగి పెట్టాను. కాళ్ళు నా బొమ్మ కంటే బాగానే ఉంటాయి.

– తొమ్మిదో తరగతి, 'బి' సెక్షన్